మా బ్యాచ్‌కి నాలుగు రత్నాలే

పూర్వ విద్యార్థుల సమ్మేళనం సంచిక కమిటీ నుంచి ఫోన్ చేసి "మన రోజుల గురించి రెండు పేజీలు రాసివ్వండి" అన్నారు. సర్టిఫికెట్ నాలుగేళ్లు, డిప్లొమా రెండేళ్లు, విజయనగరం సంగీత కళాశాల మెట్లు ఎక్కుతూ దిగుతూనే గడిపాం. థియరీ క్లాసులో ఏం చెప్పారో మాత్రం ఒక్క ముక్క గుర్తు లేదు. పైడితల్లి సిరిమాను జాతర ముందురోజు క్లాసు ఎగ్గొట్టి మూడు లాంతర్ల దగ్గర దొరికిపోయిన సంగతి ఎలాగూ మనం ఖండచాపు అని పిలిచే మన బ్యాచ్ మిత్రుడు రాస్తాడు. నేను పక్కవాద్యం అన్నయ్య గురించి రాస్తాను. నిరుడు ఆయన పోయాడని గ్రూపులో చూసినప్పటి నుంచీ రాయాలనే ఉంది.

అన్నయ్య మనకు మాస్టారు కాదు. మనకంటే చాలా ముందు అక్కడే డిప్లొమా చేశాడు. పగలు గుమస్తా ఉద్యోగం, సాయంత్రమైతే ఊళ్లో ఎవరు పాడితే వాళ్ల పక్కన ఫిడేలు. హరికథ అయినా, నవమి పందిరి అయినా సరే. ఎంతిచ్చారని అడిగితే "భోజనం బాగుంది" అనేవాడు. మన బిరడాలు జారినా, తీగలు తెగినా ఆయన చొక్కా జేబే దిక్కు. అందులో సుద్దముక్క, గుగ్గిలం బిళ్ల, చుట్ట చుట్టిన తీగ ఎప్పుడూ ఉండేవి. బిరడా పీకి, సుద్ద రాసి, మళ్లీ దోపి, చెవి దగ్గర పెట్టుకుని మీటి "ఊఁ, బతికింది" అని చేతికిచ్చేవాడు.

ఫిడేలు విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడుగారి కథ అన్నయ్య నోట వినాలి. 1919లో కళాశాల పెట్టినప్పుడు నాయుడుగారు విద్యార్థిగా చేరదామని వస్తే, వాయిద్యం విని అధ్యాపకుడిగానే వేసేశారట. కథ అయిపోగానే నావైపు చూసి "నువ్వు అధ్యాపకుడినవుదామని వచ్చావు, జాగ్రత్తరా, విద్యార్థిగానే ఉండిపోతావు" అనేవాడు.

అసలు సంగతి వరాళి రాగం. త్యాగరాజు పంచరత్న కీర్తనలు ఐదూ ఐదు రాగాల్లో ఉంటాయి. వాటిలో నాట, గౌళ, ఆరభి, శ్రీ మన మాస్టారు దగ్గర కూర్చోబెట్టి నేర్పారు. వరాళి మాత్రం నేర్పలేదు. గురువు వరాళి నేరుగా చెబితే గురుశిష్యులకు చెడుతుందని పెద్దల మాట. త్యాగరాజ ఆరాధన రోజు అందరూ కలిసి పాడే గోష్ఠిలో నాలుగోదైన ఆ వరాళి కృతి రాగానే మన వరసలో కమానులన్నీ ఒళ్లోకి దిగిపోయేవి. అన్నయ్య ముందు వరసలోంచి వెనక్కి తిరిగి చూసి, అయ్యాక పట్టుకున్నాడు: "ఏటర్రా, నాలుగో రత్నానికి మౌనవ్రతమా?"

మర్నాడు సాయంత్రం అయ్యకోనేరు దగ్గర వాళ్లింటికి రమ్మన్నాడు. అరుగు మీద గోడవైపు తిరిగి, మనకు వీపు పెట్టి కూర్చున్నాడు. "నేనేమీ నేర్పడం లేదు. నా ఫిడేలు నేను వాయించుకుంటున్నాను. చెవులు మీవి, మీ ఇష్టం." ఒక్కో చరణం నింపాదిగా, అదే సంగతి మళ్లీ మళ్లీ. వరాళి మధ్యమం, అంటే 'మ' స్వరం, మామూలు ప్రతి మధ్యమం (హెచ్చు 'మ') కంటే ఒక వెంట్రుకవాసి పైన, పంచమాన్ని దాదాపు ఆనుకుని ఉంటుంది. అది మనకెవరికీ అందేది కాదు. తప్పు వాయిస్తే మనతో అనకూడదు కదా, అలా గోడవైపు తిరిగే లోపలికి కేకేసేవాడు: "ఏమేవ్, పక్కింట్లో ఎవరో మధ్యమం తక్కువ వాయిస్తున్నారు!"

వదిన వంటింట్లోంచి "కాస్త పైకి జరపమనండి, కాఫీ పెడుతున్నాను" అనేది.

అలా ఆ మాఘమంతా పక్కింటివాళ్లం అయ్యాం. మరుసటి ఆరాధనకి అన్నయ్య నాలుగో రత్నం దగ్గర మళ్లీ వెనక్కి తిరిగాడు. ఈసారి ఏమీ అనలేదు. పెద్దలు చెప్పినట్టు మాకు చెడనూ లేదు. ఆయన లెక్క ప్రకారం ఆయన గురువు కాడు, నేను శిష్యుణ్ణీ కాను.

తర్వాత బ్యాంకు ఉద్యోగం, బదిలీలు. అయినా ఫిడేలు వదల్లేదు. ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రంలో ఆడిషన్‌కి ఇచ్చిన రాగాల జాబితాలో వరాళి కూడా రాశాను. బి-హై గ్రేడ్ (బి కంటే పైది) వచ్చిందని ఫోన్ చేస్తే అభినందనలూ లేవు, ఆశీర్వాదాలూ లేవు. "మధ్యమం సరిపోయిందా?" అని అడిగాడు. మా అమ్మాయి ఇప్పుడు న్యూజెర్సీలో పిల్లలకు ఫిడేలు చెబుతోంది. వరాళి దగ్గరికొచ్చేసరికి జూమ్‌లో కెమెరా ఆపేసి వాయిస్తుందట. అన్నయ్య వింటే ఎంత నవ్వేవాడో.

ఆ ఏడు ఆరాధన గోష్ఠి టేప్ చేసిన క్యాసెట్ ఖండచాపు దగ్గరే ఉంది. అప్పటి నుంచీ "రేపు ఇస్తా" అంటూనే ఉన్నాడు. సమ్మేళనానికి ఆ క్యాసెట్ తేకపోతే అతనికి భోజనం కూపన్ ఇవ్వొద్దని కమిటీకి నా మనవి.