రివర్‌లో కాల్ చేయాలా, ముక్కలు పడేయాలా

పోకర్‌లో అందరికీ ఉమ్మడిగా నేల మీద పరిచే అయిదు ముక్కల్లో చివరిది రివర్. రివర్‌లో పెద్ద బెట్ పడగానే "వీడు బ్లఫ్ కొడుతున్నాడా?" అని మొదలుపెడితే ఎటూ తేలదు. నేను వేసుకునేవి రెండు ప్రశ్నలు. ఈ కాల్ (వాడి బెట్‌కు సమానంగా నేనూ పెట్టడం) గిట్టాలంటే వందకు ఎన్నిసార్లు గెలవాలి? వాడు మొదటినుంచీ ఆడిన తీరుకు సరిపోయే ఒట్టి హ్యాండ్స్ (బలం లేని ముక్కల జతలు) వాడి దగ్గర అన్ని ఉండే వీలుందా? రమ్మీలో 20 పాయింట్లకే డ్రాప్ అవ్వాలా, ఉండి 80 నెత్తిన వేసుకోవాలా అని లెక్కేసేవాళ్లకు ఇదేం కొత్త కాదు.

నేను చెప్పేది అమెరికాలోని న్యూజెర్సీ టేబుళ్ల సంగతి. అక్కడ 2013 నవంబరు నుంచి ఆన్‌లైన్ పోకర్ చట్టబద్ధం. మన దగ్గర తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తలుపులు మూశాయి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టంతో దేశమంతటా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నిషిద్ధం. ఉత్తుత్తి చిప్స్ టేబుల్ మీద ఈ లెక్క నిలవదు. పోయేదేం లేనప్పుడు ఎవరి బెట్‌కూ అర్థం ఉండదు.

మొదటి ప్రశ్నకు జవాబు చిన్న భాగహారం. నేను పెట్టాల్సిన సొమ్మును, అది కూడా కలిశాక అయ్యే మొత్తం పాట్‌తో (మధ్యలో పోగైన డబ్బుతో) భాగించాలి. సగం పాట్ బెట్‌కు 25 శాతం, మూడింట రెండొంతులకు సుమారు 29, పూర్తి పాట్‌కు 33, రెండు పాట్‌లంత బెట్‌కు 40. ఈ నాలుగూ కంఠతా ఉండాలి. గడియారం పరిగెడుతుంటే క్యాలిక్యులేటర్ తీసే తీరిక ఉండదు.

అసలు పని రెండో ప్రశ్నలో ఉంది. ఒక హ్యాండ్ చూద్దాం. బ్లైండ్స్, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే సొమ్ము, 25, 50 సెంట్లు. బటన్ మీదున్నవాడు (పంచేవాడి స్థానంలో ఉన్నవాడు) 1.25 డాలర్లకు రెయిజ్ చేశాడు, అంటే బెట్ పెంచాడు. బిగ్ బ్లైండ్‌లో (50 సెంట్లు పెట్టిన స్థానంలో) నా దగ్గర డైమన్ రాజు, డైమన్ పది. కాల్ చేశాను, వదిలేసినవాడి 25 సెంట్లతో కలిపి పాట్ 2.75. ఫ్లాప్‌లో, అంటే మొదటి మూడు ఉమ్మడి ముక్కల్లో, ఇస్పేటు రాజు, ఇస్పేటు తొమ్మిది, డైమన్ నాలుగు. నేను చెక్ (బెట్ పెట్టకుండా ఊరుకోవడం), వాడు 1.75, కాల్. టర్న్ (నాలుగో ముక్క) కళావరు రెండు, వాడు 4.50, కాల్. పాట్ 15.25 అయింది. రివర్ ఆఠీను ఏడు. ఇస్పేట్లు మూడోది రాలేదు, వరస కూడా ఎవరికీ కుదరదు. వాడు 11.50 పెట్టాడు.

11.50ని 38.25తో భాగిస్తే 30 శాతం. రేక్ (ఆట నడిపేవాళ్లు పాట్‌లోంచి కోసుకునే వాటా) కింద ఒకటిన్నర డాలరు పోతుందనుకుంటే 31. రేక్‌ను మరిచిపోవడం చిన్న టేబుళ్లలో మామూలు తప్పు.

ఇప్పుడు వాడి బలమైన ముక్కలు లెక్కపెడతాను. ఒక రాజు నేల మీద, ఒకటి నా చేతిలో, కాబట్టి మిగిలినవి రెండే. ఆసు-రాజు 8 కాంబోలు (ఆ జత వాడికి రాగల విధాలు), రెండు ఆసులు 6, మూడు తొమ్మిదులు 3, మూడు నాలుగులు 3, మూడు రాజులు 1, ఒకే రంగు రాజు-తొమ్మిది 2. రాజు-రాణి 8 ఉన్నా, రివర్‌లో సగంమంది చెక్ చేస్తారు కాబట్టి 4 వేస్తాను. మొత్తం 27. నా రాజు-పది వీటిలో దేన్నీ కొట్టలేదు. అది బ్లఫ్‌ను పట్టడానికి మాత్రమే పనికొచ్చే హ్యాండ్.

ఇక తప్పిపోయిన ఇస్పేటు ఫ్లష్‌లు, అంటే ఒకే రంగు అయిదు ముక్కలకు ఒకటి తక్కువై ఆగిపోయినవి. ఆసుతో రాణి, జాకీ, పది, ఎనిమిది, ఆరు, అయిదు, మూడు: 7 కాంబోలు. ఆసు లేనివి రాణి-జాకీ, రాణి-పది, జాకీ-పది, రాణి-ఎనిమిది, జాకీ-ఎనిమిది, పది-ఎనిమిది, ఎనిమిది-ఆరు, ఆరు-అయిదు: 8. మొత్తం 15. అన్నిటితోనూ బెట్ పెట్టేవాడైతే 42లో 15, అంటే దాదాపు 36 శాతం. కాల్.

కానీ ఆసు ఉన్నవాటిలో నాలుగింటిని చెక్ చేసి వదిలేసేవాడైతే 38లో 11, 29 శాతం. ఫోల్డ్, అంటే ముక్కలు పడేయడమే. ఒక్క ఊహ మారితే జవాబే తిరగబడుతుంది, అందుకే వాడి మీద రాసుకున్న నోట్స్‌కు విలువ.

నా పది డైమన్ కాకుండా ఇస్పేటు అయినా ఇదే జరుగుతుంది. ఇస్పేటు పది నా చేతిలో ఉంటే వాడి బ్లఫ్‌లలో నాలుగు ఉండే వీల్లేదు. మళ్లీ 38లో 11. పైకి అదే హ్యాండ్, ఒక్క రంగు తేడా, పడేయాల్సిందే. "నా దగ్గర ఇస్పేటు ఉంది, వాడికి ఫ్లష్ లేదు" అని ధైర్యంగా కాల్ చేసేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. ఫ్లష్ పూర్తయిన బోర్డు మీద ఆ ముక్క ఉపయోగం, ఇక్కడ నష్టం.

చిన్న టేబుళ్లలో మూడో బెట్ దాకా బ్లఫ్ లాగే ఓపిక చాలామందికి ఉండదు. లెక్క అంచున నిలిచినప్పుడు నేను ఫోల్డ్ వైపే మొగ్గుతాను. రివర్‌లో నా బెట్ మీద రెయిజ్ వచ్చిందా, ఇంకా తొందరగా పడేస్తాను. ముగ్గురున్న పాట్‌లోనూ అంతే.

ఎంతసేపు ఆలోచించి బెట్ పెట్టాడన్నదాన్ని పెద్దగా నమ్మను. నాలుగు టేబుళ్లు తెరిచినవాడు ఇంకో టేబుల్ చూసుకుంటూ ఆలస్యం చేసి ఉండొచ్చు. ట్రాకర్‌లో (ఆడిన హ్యాండ్స్‌ను నమోదు చేసే సాఫ్ట్‌వేర్‌లో) రివర్ దూకుడు అంకె కూడా 200 హ్యాండ్స్‌కు ఏమీ చెప్పదు, రివర్ దాకా వచ్చేవే కొన్ని. అన్నిటికన్నా ఖరీదైంది మూడు ముక్కలాట అలవాటు: ఏముందో చూద్దామని షో అడిగినట్టు కాల్ కొట్టడం.

ఆట అయ్యాక ట్రాకర్‌లో రివర్ కాల్స్ ఒక్కటే వడపోసి, బెట్ సైజు ప్రకారం విడగొడతాను. గెలిచిన శాతాన్ని కావాల్సిన శాతం పక్కన పెడతాను. సగం పాట్ వరుసలో సరిపోయి, పూర్తి పాట్ వరుసలో 33కు బదులు 20 కనబడితే, ఆ వరుసలోని హ్యాండ్స్ ఒక్కొక్కటీ తెరిచి కాంబోలు మళ్లీ లెక్కపెట్టాలి. ఎక్కువసార్లు దొరికేది ఒకటే తప్పు: వాడు టర్న్‌లోనే వదిలేసే హ్యాండ్స్‌ను రివర్ బ్లఫ్‌ల కింద రాసుకోవడం.