24.82

చిన్నవాడి ఫిజిక్స్ రికార్డులో లఘులోలకం (దారానికి గోళం కట్టి ఊపే ప్రయోగం) పేజీ చూసినప్పటి నుంచి చిరాకుగా ఉంది. ఈయన నిద్రపోయి, ఇల్లంతా సద్దుమణిగిన తరువాత కూడా అది తగ్గలేదు కనుక రాసి వదిలించుకుందామని కూర్చున్నాను. దారం పొడవును 60 సెంటీమీటర్ల నుంచి 100 దాకా పదేసి చొప్పున పెంచుతూ, ఒక్కో పొడవుకు 20 డోలనాలకు పట్టే కాలాన్ని రెండేసి సార్లు కొలిచి, పొడవును ఆవర్తన కాలపు (ఒక్క డోలనానికి పట్టే కాలపు) వర్గంతో భాగించి రాయవలసిన పట్టిక అది. చివరి గడిలో ఐదు వరుసల్లోనూ 24.82 అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది. మొదటి రీడింగుకూ రెండో రీడింగుకూ మధ్య సెకనులో పదో వంతు తేడా కూడా ఎక్కడా లేదు. ఆ 24.82ను 4π²తో గుణిస్తే గురుత్వ త్వరణం, అంటే కింద పడే వస్తువు వేగం సెకను సెకనుకూ పెరిగే రేటు, సెంటీమీటర్లలో ఇంచుమించు సరిగ్గా 980 వస్తుంది.

అడిగితే వాడేమీ దాచలేదు. “సార్ 980 రావాలన్నారమ్మా, అందరం వెనక నుంచి లెక్క కట్టుకున్నాం” అన్నాడు, అదేదో కూరలో ఉప్పు సరిచూసినంత మామూలు విషయమైనట్టు.

అబద్ధపు రీడింగులు రాయడం ఒక ఎత్తయితే, ఆ అబద్ధం కూడా మన ఊరిది కాకపోవడం మరో ఎత్తు. భూమధ్యరేఖకు దగ్గరవుతున్న కొద్దీ, సముద్రమట్టం నుంచి పైకి వెళుతున్న కొద్దీ గురుత్వ త్వరణం కొద్దిగా తగ్గుతుంది. 17 డిగ్రీల అక్షాంశం మీద, దక్కను పీఠభూమి మీద అయిదు వందల మీటర్లకు పైచిలుకు ఎత్తున ఉన్న హైదరాబాదులో అది సుమారు 978 ఉంటుంది. మన గోడకు వేలాడదీసిన లోలకం ఎక్కడో 38 డిగ్రీల అక్షాంశం దగ్గర ఊగుతున్నట్టు ఎందుకు రాయాలి? ఇదే మాట వాడితో అంటే, “అయితే 978 వచ్చేలా రాయనా?” అని అడిగాడు. అప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది.

ఎందుకంటే 978 వచ్చేలా రాసినా అది అంతే అబద్ధం. మీటరు పొడవున్న దారానికి 20 డోలనాలు పూర్తి కావడానికి 40 సెకన్లు దాటుతుంది, స్టాప్‌వాచ్ నొక్కే వేలు సెకనులో అయిదో వంతు అటూ ఇటూ కావడం సహజం. అంటే కాలంలో అర శాతం, దాని వర్గంలో ఒక శాతం తేడా వస్తుంది. ఒక శాతమంటే 980లో దాదాపు పది. పొట్టి దారానికి ఇంకా ఎక్కువ. కాబట్టి ఆ పరికరంతో 978కీ 980కీ మధ్య తీర్పు చెప్పడం ఎవరి తరమూ కాదు. నిజంగా కొలిచిన పిల్లవాడి పట్టికలో 24.5 దగ్గర ఒకటి, 25 దాటి ఒకటి, ఇలా చిందరవందరగా అంకెలు ఉంటాయి. ఆ చిందరవందరను చూస్తేనే వాడి వేలు ఎంత నిలకడగా ఉందో, దారం ముడి సాగిందో లేదో, గోళం సగం వ్యాసాన్ని పొడవులో కలుపుకున్నాడో లేదో తెలుస్తుంది. ఒకే అంకెను అయిదుసార్లు రాసినప్పుడు తెలుసుకోవడానికి మిగిలేది ఏమీ లేదు.

ఇంత కోపం నాన్న నుంచి వచ్చిందేమో. సాగర్ ఎడమ కాలువ కింద ఉన్న మా నాలుగెకరాల్లో మట్టి నమూనా తీయడానికి వేసవి సెలవుల్లో ఒకసారి నన్ను వెంట తీసుకెళ్ళారు. గట్టు పక్కన తీయకూడదు, చెట్టు నీడలో తీయకూడదు, ఎరువు కుప్ప పోసిన చోట అసలే తీయకూడదు అని చెబుతూ, మడి అంతా వంకరటింకరగా నడిచి, అక్కడక్కడా పారతో వి ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, దాని గోడ నుంచి పైనుంచి కిందిదాకా సమంగా మట్టి చెక్కి బకెట్టులో వేయమనేవారు. ఆ మట్టిని గోనెసంచి మీద గుండ్రంగా పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండింటిని పారబోసి, మిగిలినదాన్ని కలిపి మళ్ళీ నాలుగు భాగాలు చేసి, అరకిలో మిగిలేదాకా అదే పని. నాకు ఎండకు తల తిరుగుతోంది. ఆఖరున, పల్లంగా ఉండి నీరు నిలిచే మూలకు వచ్చేసరికి ఆయన బకెట్టు కడిగించారు. అక్కడ నేల తెల్లగా పొక్కి ఉండేది, వరి సగం మొలిచి సగం ఎండేది. ఆ చౌడు మట్టిని కూడా ఇందులోనే కలిపేస్తే ఒక్క సంచితో పోతుంది కదా నాన్నా అన్నాను. కలిపితే రెండు నేలల్లో ఏదీ కాని మట్టి ఫలితం వస్తుందని, దానికి ఎరువు వేయడానికి అలాంటి నేల మనకు లేదని అన్నారు.

ఫలితాలు వచ్చాక మట్టి క్షారగుణాన్ని చెప్పే పీహెచ్ మంచి మడిలో 7.4, చౌడు మూలలో 8.9. వినడానికి ఒకటిన్నర తేడా. కానీ ఆ కొలమానంలో ఒక్కో మెట్టు పది రెట్లు కనుక అసలు తేడా ముప్ఫై రెట్లు. చౌడును తగ్గించే జిప్సం ఆ మూలకే పడింది, నీరు నిలగట్టి బయటికి తీసింది కూడా అక్కడే. తరువాతి కాలంలో, 2015 ఫిబ్రవరిలో రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో మొదలైన భూసార కార్డుల పథకం మా ఊరికీ వచ్చింది. కార్డులో పన్నెండు అంశాలు చక్కగా ఉన్నాయి. నీటి వసతి ఉన్న చోట రెండున్నర హెక్టార్లకు ఒక నమూనా అనేది అప్పటి పద్ధతి. అంటే ఆరెకరాలకు పైమాటే, మా పొలం కన్నా పెద్దది. నాన్న కార్డును రెండు వైపులా తిప్పి చూసి, “ఈ మట్టి ఎవరిదో” అని బీరువాలో పెట్టేశారు. అప్పట్లో నాకు అది మొండితనంగా అనిపించింది. జిల్లా మొత్తానికి జింకు ఎక్కడ తక్కువగా ఉందో తెలియడానికి ఆ లెక్క బాగానే పనికివస్తుంది. ఆయన చౌడు మూలకు మాత్రం పనికిరాదు.

ఇంతవరకు రాసి, వాడిని రేపు ఏమని తిట్టాలా అని ఆలోచిస్తుంటే, పోయిన వారం వాడు ఫోనులో చూపించిన జాబితా గుర్తొచ్చింది. మెహదీపట్నం స్టాపులో తన బస్సు వచ్చిన వేళలన్నీ నిమిషాలతో సహా వాడే రాసుకున్నాడు, ఎవరూ చెప్పలేదు. పావుగంటకో బస్సు అంటారు, మరి సగటున ఏడెనిమిది నిమిషాలే నిలబడాలి కదా, నేను ఎప్పుడూ అంతకన్నా ఎక్కువ ఎందుకు నిలబడుతున్నాను అని వాడి ప్రశ్న. జవాబు వాడి జాబితాలోనే ఉంది. అరగంటలో రెండు బస్సులు వస్తే సగటు పావుగంటే. కానీ ఒకదాని వెనక అయిదు నిమిషాలకే మరొకటి వచ్చి, ఆ తరువాత ఇరవై అయిదు నిమిషాలు ఏమీ రాకపోతే, స్టాపుకు వచ్చేవాళ్ళలో ఆరుగురిలో అయిదుగురు ఆ పెద్ద ఖాళీలోనే చిక్కుకుంటారు. లెక్క కడితే సగటు నిరీక్షణ పదకొండు నిమిషాలకు దగ్గరగా వస్తుంది. అమీర్‌పేటలో మెట్రో ఎక్కేటప్పుడు ఈ బాధ ఉండదు, రైళ్ళ మధ్య ఎడం ఇంచుమించు సమానం కనుక. ఇది మేమిద్దరం బియ్యం ఏరుతూ తేల్చుకున్నాం.

2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఉచితంగా ప్రయాణించే నాలాంటి ఆడవాళ్ళకు చేతిలో పెడుతున్న జీరో టికెట్టు కూడా ఒక కొలతే. ఎక్కినవాళ్ళందరూ లెక్కలోకి వస్తారు. ఫుట్‌బోర్డు దాకా కిక్కిరిసిన బస్సును వదిలేసి స్టాపులోనే మిగిలిపోయినవాళ్ళకు టికెట్టు ఉండదు కనుక వాళ్ళు ఎందులోనూ కనిపించరు.

కాబట్టి వాడికి కొలవడం రాదని అనడానికి వీల్లేదు. బస్సు ఎప్పుడొస్తుందో తెలియదు గనుక కొలిచాడు, 980 అని ముందే చెప్పేశారు గనుక కొలవలేదు. జవాబు తెలిసిన ప్రయోగాన్ని పిల్లల చేత చేయించడమే దండగ అని ఒక వాక్యం రాసి, కొట్టేశాను. జవాబు తెలిసి ఉండటమే ఆ ప్రయోగానికి అసలు బలం. 978 దగ్గర రావలసినది 960 వస్తే తప్పు భూమిది కాదని తెలుసు గనుక, దారాన్నో వేలినో వెతుక్కోవచ్చు. మట్టి విషయంలో, బస్సు విషయంలో ఆ సౌకర్యం లేదు. 960 అని రాసిన పిల్లవాడికి మార్కులు కోసి, 24.82 అని అయిదుసార్లు రాసినవాడికి పూర్తి మార్కులు వేస్తే మాత్రం నేను ఇంట్లో ఎంత చెప్పినా ఏం లాభం?

తమ్ముడికి రేపు ఫోన్ చేయాలి. కోతలు అయిపోయాయి, మళ్ళీ దుక్కి దున్నేలోగా చౌడు మూల మట్టిని విడిగా పరీక్షకు పంపమనాలి. జిప్సం వేసిన తరువాత అది 8.9 నుంచి ఎంతకు దిగిందో ఇంతవరకూ ఎవరూ చూడలేదు.