రోమన్ రేకుల కవచం: నడుము భాగం అయింది, భుజాలు మిగిలాయి

పాత రోమన్ సాహస చిత్రాల్లో సైనికుల రేకుల కవచం చాలాచోట్ల తోలుదే. చొక్కా మీద తోలు ముక్కలు కుట్టి వెండి రంగు కొట్టేవారు. 1950ల వాళ్లను దీనికి మరీ తప్పుపట్టలేం. అప్పటికి పెద్ద ఆధారం రోమ్ నగరంలోని క్రీ.శ. 113 నాటి ట్రేజన్ స్తంభం. దాని శిల్పాల్లో కవచం ఒంటికి అతుక్కున్న బట్టలాగే ఉంటుంది. 1964లో ఇంగ్లండ్‌లో, రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ దగ్గరి కార్‌బ్రిడ్జ్‌లో ఒక చెక్కపెట్టెలో కవచాలు దొరికాకే అసలు కట్టుబడి తేలింది. లోపల చొక్కా లేదు. ఇనుప రేకులు నిలువు తోలు పట్టీలకు వేలాడుతూ ఒకదాని కిందికి ఒకటి జారతాయి. ఆ తర్వాత కూడా తోలు చొక్కాయే తొడిగారంటే అది బద్ధకమే.

మేం చేస్తున్న కవచంలో నడుముకు 20 గేజ్ (0.9 మి.మీ.) సీఆర్ షీటు, అంటే కోల్డ్ రోల్డ్ ఉక్కు రేకు, వాడాం. ఒక్కో వైపు 7 రేకులు, మొత్తం 14. ఒక్కోటి 60 మి.మీ. వెడల్పు, సుమారు 50 సెం.మీ. పొడవు. పై రేకు కింది రేకును 20 మి.మీ. కప్పాలి, అప్పుడు ఎత్తు 30 సెం.మీ. వస్తుంది. రేకుల బరువు 3 కిలోలు. ఇంకా మందమైన 18 గేజ్ తీసుకుంటే బరువు సుమారు 4 కిలోలే అయినా చేత్తో వంచడం కష్టం. ఛాతీ కొలత మెత్తటి లోచొక్కా తొడిగాకే తీయాలి, లేకపోతే ముందు రేకులు కలవవు.

వంచడానికి సన్నటి దుంగ కావాలి. రేకు కొంత వెనక్కి విచ్చుకుంటుంది కాబట్టి కావలసినదానికన్నా ఎక్కువే వంచాలి. గుండ్రంగా చేస్తే డ్రమ్ము తొడిగినట్టుంటుంది. వంపంతా పక్కటెముకల దగ్గరే ఉండాలి.

అసలు చిక్కు రివెట్ల దగ్గరే. ఒక్కో సగానికి మూడు పట్టీలు: వెనక, పక్క, ముందు. రేకుకు పట్టీకి ఒక్కో రాగి రివెట్ లెక్కన మొత్తం 42. రివెట్ 3 మి.మీ., రంధ్రం 3.2. రేకు 0.9, తోలు 3, వాషరు 1, కొట్టడానికి 3 కలిపి కాడ 8 మి.మీ. ఉంటే చాలు. పొడవెక్కువైతే సుత్తి దెబ్బకు తోలులోనే వంకర పోతుంది. పల్చటి రేకును డ్రిల్ బిట్ పట్టేసి గిర్రున తిప్పుతుంది, వేళ్లు తెగుతాయి. కింద చెక్క పెట్టి క్లాంపుతో బిగించాలి. రివెట్లు వేసేటప్పుడు పట్టీ బిగుతుగా సాగి ఉండాలి. రేకుల్ని దగ్గరికి నొక్కి బిగిస్తే మళ్లీ విచ్చుకోవు, ముందుకు వంగితే వీపు మీద కొట్టుకుంటాయి. 5 మి.మీ. తోలు అయితే మడత పడదు, కవచం ముడుచుకోదు. రేకు లోపలి వైపు నూనె రాశాకే తోలు తగిలించాలి; చెట్టు బెరడు కషాయంతో పదును చేసిన తోలు చెమ్మకు ఇనుమును నల్లగా చేస్తుంది.

కాలం విషయంలో మాత్రం సినిమాలకు మినహాయింపు లేదు. ఈ కవచపు అతి పాత ముక్కలు జర్మనీలోని డాంగ్‌స్టెట్టెన్‌లో దొరికినవి, సుమారు క్రీ.పూ. 9 నాటివి. బానిసల నాయకుడు స్పార్టకస్ తిరుగుబాటు అంతకు చాలా ముందే, క్రీ.పూ. 73–71లో జరిగింది, అప్పటి రోమన్ సైనికులకు గొలుసుల కవచమే తగినది. సినిమాల్లో కనిపించే మణికట్టు తోలు పట్టాలకు, గుర్రం రికాబులకు రోమ్‌లో ఆధారమే లేదు.

భుజాలకు ఇత్తడి మడతబందులు రేకునుంచే కత్తిరించాలి. బజారు బందులు మందం ఎక్కువ, చేయి ఎత్తితే మెడకు గుచ్చుకుంటాయి.