నింబస్ 27, బొండై 9: ఎంచుకోవడం తేలికే, సైజు తెప్పించుకోవడమే గండం

మెత్తటి సోల్ ఉన్న పరుగు బూట్లలో ఏసిక్స్ కంపెనీ జెల్ నింబస్ 27 నా దగ్గరుంది, హోకా కంపెనీ బొండై 9 మా బామ్మర్ది దగ్గరుంది. ఇద్దరి పాదం కొలత ఒకటే. ఇద్దరం ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్‌కు, అంటే 21.1 కిలోమీటర్లకు తయారవుతున్నాం. అందుకే రెండు మోడళ్లనూ మార్చుకుని తొడిగి, ఒకే దారిలో ఉరికి చూసే వీలు దొరికింది. ఇవి సరైన సైజులో నల్గొండ చేరడానికి పడ్డ పాట్లు చూశాక, ఏది కొనాలన్న ప్రశ్న చాలా చిన్నదనిపించింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

కుషన్ సంగతి ముందు తేల్చేద్దాం, అందులో పెద్దగా ఏమీ లేదు. నింబస్ 27 సోల్ ఎత్తు మడమ కింద 43.5 మిల్లీమీటర్లు, ముందు పాదం కింద 35.5. బొండై 9 మడమ కింద 43, ముందు 38. మడమ దగ్గర తేడా అర మిల్లీమీటరు. బరువు కూడా రెండూ ఒక్కో బూటు 300 గ్రాముల చుట్టుపక్కలే. ఏది ఎక్కువ మెత్తన అని గంటల కొద్దీ వీడియోలు తీసేవాళ్లు ఈ అర మిల్లీమీటరు గురించే మాట్లాడుతున్నారు. చూడాల్సింది మడమకూ ముందు పాదానికీ మధ్య ఎత్తు తేడా, డ్రాప్. నింబస్‌కు 8, బొండైకి 5.

డ్రాప్ తగ్గితే మడమ కిందికి దిగుతుంది, పిక్క కండరమూ మడమ వెనక నరమూ ఎక్కువ సాగాలి. డ్రాప్ పెరిగితే ఆ భారం కొంత మోకాలి వైపు జరుగుతుంది. పరుగయ్యాక పిక్కలు పట్టేసేవాళ్లు, పొద్దున లేవగానే మడమ వెనక బిగుసుకుపోయేవాళ్లు 8 తీసుకోవడం మేలు. మోకాలి చిప్ప చుట్టూ నొచ్చేవాళ్లకు 5 హాయిగా ఉండొచ్చు. ఇన్నాళ్లూ 10 డ్రాప్ బూట్లలో ఉరికినవాళ్లు బొండైని తెచ్చిన రోజే లాంగ్ రన్‌కు వేయకండి. మొదటి రెండు మూడు వారాలు చిన్న పరుగులకే వాడి, పిక్కలు అలవాటు పడ్డాక దూరం పెంచండి. నాకు పిక్కల బాధ ఉంది కాబట్టి నింబస్ నాది. వాడికి మోకాలు, కాబట్టి బొండై వాడిది.

బొండైలో ఇంకో గుణం ఉంది. సోల్ ముందు భాగం ఊగే కుర్చీ కాళ్లలాగ పైకి వంగి ఉంటుంది, అడుగు దానంతటదే ముందుకు దొర్లుతుంది. బొటనవేలి కీలు సరిగా వంగనివాళ్లకు అది వరం. రోజంతా నిలబడి పనిచేసేవాళ్లు కూడా దీన్ని ఇష్టపడతారు. మా బామ్మర్ది మిర్యాలగూడలో రైస్ మిల్లు పని ముగించుకుని వచ్చాక కూడా దాన్ని విప్పడు. వేగం పెంచి ఉరకాలంటే మాత్రం రెండూ బరువే. ఇవి నెమ్మది పరుగులకు, ఎక్కువ దూరాలకు.

నేల సంగతి. తారు రోడ్డు, సీసీ రోడ్డు మీద రెండింటికీ తేడా తెలియదు. చెరువు కట్టల మీది మొరం, కంకర మీద తెలుస్తుంది. బొండై అడుగున రబ్బరు ముక్కలు ముక్కలుగా ఉంటుంది, మధ్యలో ఫోమ్ నేరుగా నేలకు తగులుతుంది. కంకర ఆ ఫోమ్‌ను కొరికేస్తుంది. నింబస్ అడుగున రబ్బరు ఎక్కువ చోట్ల పరుచుకుని ఉంది, తడిసిన రోడ్డు మీద పట్టు కూడా బాగుంది. ఆగస్టు వానల్లో అది అక్కరకొస్తుంది. ఇంత ఎత్తు సోల్ మీద ఎగుడుదిగుడు నేలలో చీలమండ పక్కకు ఒరుగుతుంది, ఏ బూటైనా సరే. పానగల్లు రోడ్డు వైపు ఉరికేవాళ్లు ఇంకోటి గమనించండి: రోడ్డు అంచు పక్కకు వాలి ఉంటుంది. రోజూ ఒకే అంచున ఉరికితే ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది. తర్వాత తుంటి నొచ్చితే బూటును తిట్టకండి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. నల్గొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు, అంటే ఉద్యోగానికి పెట్టే పరుగు పరీక్షలకు, ఉరికే పిల్లలు ఈ బూట్లు చూసి, "అన్నా, ఇవి ఏస్కుంటే టైం తగ్గుతదా?" అని అడుగుతున్నారు. తగ్గదు తమ్ముడూ. 2022 నోటిఫికేషన్‌లో మగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పెట్టారు. అంత చిన్న పరుగుకు 43 మిల్లీమీటర్ల ఫోమ్ మోయడం దండగ. 250 గ్రాముల లోపు, సోల్ పలుచగా ఉన్న మామూలు బూటు చాలు. ఇంట్లో అప్పు చేయించి పదిహేను వేల బూటు కొనిపించే కోచ్ ఎవరైనా ఉంటే, ఆయనకు షాపులో ఏమి ముడుతుందో ముందు కనుక్కోండి.

ఇప్పుడు అసలు గండం.

నల్గొండలో నేను అడిగిన షాపుల్లో రెండు మోడళ్లూ లేవు. హైదరాబాద్‌లో ఒక పెద్ద షోరూమ్‌కు వెళ్లాం, సాయంత్రం పూటే వెళ్లాం, ఎందుకంటే పొద్దంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బుతుంది, లాంగ్ రన్‌లో కూడా అంతే. ఉరికేటప్పుడు వేసుకునే సాక్సు కూడా పట్టుకెళ్లాం. ఆ షోరూమ్ పిల్లగాడు మా చెప్పులు చూసి మొదలుపెట్టాడు. "వాకింగ్‌కా సార్? బడ్జెట్ చెప్పండి సార్, ఆఫర్‌లో ఇటు పక్క ఉన్నయ్." మోడల్ పేరు చెప్పినా ఆఫర్ రాక్ దగ్గరికే తీసుకెళ్లాడు. నింబస్ తొడిగి నాలుగు అడుగులు ఉరికి చూద్దామంటే, "ఇక్కడ ఉరకొద్దు సార్, కస్టమర్లు ఉన్నరు" అన్నాడు. మరి మేమెవరం? పరుగు బూటు అమ్మే షాపులో ఉరకొద్దంటే, చీర కొట్టులో మడత విప్పొద్దన్నా ఊరుకోవాలేమో. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బామ్మర్ది చెవులు ఎర్రబడ్డాయి.

నింబస్ యూకే 8 నాకు సరిపోయింది. బొండై ఆ రోజు స్టాకులో లేదు. సైజు ఎట్లా తెలుస్తుందని అడిగితే, "ఎనిమిదంటే ఎనిమిదే సార్, ఏ కంపెనీదైనా ఒక్కటే" అన్నాడు. వాళ్ల వెబ్‌సైట్‌లో కూడా అన్ని బ్రాండ్లకూ కలిపి ఒకటే పట్టిక. అది శుద్ధ తప్పు. ఏసిక్స్‌లో మగవాళ్ల యూఎస్ 9 అంటే యూకే 8. హోకాలో అదే యూఎస్ 9 అంటే యూకే 8.5. అంటే ఏసిక్స్‌లో యూకే 8 వేసుకునేవాడు హోకాలోనూ యూకే 8 తెప్పిస్తే అర సైజు చిన్నది వస్తుంది. అర సైజు అంటే పొడవులో నాలుగు మిల్లీమీటర్లకు పైనే. షాపులో నిలబడితే తెలియదు. పదిహేనో కిలోమీటరు దగ్గర బొటనవేలి గోరు బూటుకు కొట్టుకుని నల్లబడినప్పుడు తెలుస్తుంది.

వాళ్ల పట్టిక నమ్మి ఆ వెబ్‌సైట్‌లోనే తెప్పించిన బొండై యూకే 8 సరిగ్గా అట్లాగే, అర సైజు చిన్నది వచ్చింది. అది తేల్చుకోవడానికి ఉరకాల్సిన పని లేదు. లోపలి అట్ట, అంటే ఇన్‌సోల్, బయటికి తీసి దాని మీద నిలబడాలి. బరువు రెండు కాళ్ల మీదా సమంగా ఉండాలి. పొడవైన వేలి కొసకూ అట్ట కొసకూ మధ్య బొటనవేలి వెడల్పు, ఒక సెంటీమీటరు దాకా, ఖాళీ ఉండాలి. కొందరికి రెండో వేలే పొడుగు, దాన్నే చూడాలి. రెండు పాదాల్లో పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోవాలి. పాదం అట్ట అంచులు దాటి పక్కలకు పొంగితే సైజు పెంచడం పరిష్కారం కాదు, వెడల్పు పెంచాలి: మగవాళ్ల మామూలు వెడల్పు డి, దాని పైది 2ఈ. మనలో చెప్పులు వేసుకుని పెరిగిన పాదాలకు చాలామందికి 2ఈ కావాలని నా నమ్మకం, షాపులవాళ్లు మాత్రం దాని ఊసెత్తరు.

వాపసు కథ వినండి. మా నల్గొండ 508001 పిన్‌కోడ్‌కు డెలివరీ ఉంది, అదే పిన్‌కోడ్ నుంచి రిటర్న్ పికప్ లేదట. తెచ్చిచ్చే బండికి వెనక్కి తీసుకెళ్లే దారి తెలియదా? ఫోన్ చేస్తే మెషీన్, చాట్ చేస్తే ఇంకో మెషీన్, రెండూ "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అంటాయి. పట్టువదలకుండా అడిగితే ఒక పికప్ పిల్లగాడు వచ్చాడు. బూటు తిరగేసి, సోల్ గాడిలో తెల్లటి పొడి చూపించి, "అన్నా, వాడిన్రు ఇది. నేను తీస్కపోతే నా పైసలల్ల కోస్తరు" అన్నాడు. ఆ పొడి డబ్బా తెరిచినప్పుడే ఉంది, దుప్పటి మీద తప్ప ఆ బూటు నేల మీద పడలేదు. డబ్బా తెరిచినప్పటి వీడియో ఫోన్‌లో చూపించినా వాడు ఏం చేస్తాడు, వాడి చేతిలో ఉన్న యాప్‌లో 'వాడినది', 'వాడనిది' అని రెండే గళ్లు. వాణ్ని తిట్టి లాభం లేదని పంపించాం.

అట్లాంటప్పుడు చేయాల్సింది ఇది. కస్టమర్ కేర్‌తో వాదించడం మానేసి, ఆ వెబ్‌సైట్‌లోనే గ్రీవెన్స్ ఆఫీసర్, అంటే ఫిర్యాదులు చూసే అధికారి, ఈమెయిల్ వెతకండి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆ పేరూ చిరునామా పెట్టి తీరాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో జవాబివ్వాలి, నెలలోపు పరిష్కరించాలి. మెయిల్‌లో గోడు వద్దు. ఆర్డర్ నంబరు, వాళ్ల సైజు పట్టిక స్క్రీన్‌షాట్, బ్రాండ్ సొంత పట్టిక స్క్రీన్‌షాట్, డబ్బా మీది లేబుల్ ఫొటో, సోల్ ఫొటో, అంతే. ఇందులో కీలకం ఏమిటంటే, కాలికి సరిపోలేదన్నంత మాత్రాన చట్టం మీ పక్షాన రాదు. అది వాళ్ల రిటర్న్ పాలసీని బట్టే. కానీ ఇచ్చిన వివరానికి వచ్చిన సరుకు సరిపోకపోతే 'వాపసు తీసుకోం' అనడానికి వాళ్లకు వీల్లేదు. అందుకే "సైజు చిన్నదైంది" అని రాయకండి, "మీ పట్టిక చెప్పిన సైజు ఇది కాదు" అని రాయండి. అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆ నంబరు మెయిల్‌లో ఎక్కాకే మాకు మనిషి రాసిన జవాబొచ్చింది.

మీరే కొరియర్ చేసి పంపమంటే ఇంకో దెబ్బ కాచుకుని ఉంటుంది. జత బరువు 600 గ్రాములే కదా అనుకుంటాం. కొరియర్‌వాళ్లు డబ్బా పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. 35, 23, 13 డబ్బా అయితే రెండు కిలోలు దాటుతుంది, చార్జీ దానికే. బ్రాండ్ డబ్బా మీద నేరుగా టేపు వేయకండి, దాన్నీ లోపం కింద రాస్తారు. పైన ఇంకో అట్టపెట్టె కావాలి, దాంతో కొలత ఇంకా పెరుగుతుంది. మాకు బూటు డబ్బులు వచ్చాయి, కొరియర్ డబ్బులు రాలేదు. బొండై 8.5 వేరే చోట కొన్నాం.

ఆ తర్వాత అంతా సాఫీ. మడమ జారితే పై చివరి బెజ్జంలో లేసును అదే పక్కకు తిప్పి చిన్న ఉంగరంలా చేసి, ఎదుటి లేసును అందులోంచి లాగి బిగిస్తే ఆగుతుంది. పతకాల కోసం ఉరికేవాళ్లు మాత్రం గుర్తుంచుకోండి, రోడ్డు పోటీల్లో సోల్ ఎత్తుకు అంతర్జాతీయ సంస్థ వరల్డ్ అథ్లెటిక్స్ పెట్టిన పరిమితి 40 మిల్లీమీటర్లు, ఈ రెండూ దాన్ని దాటాయి. మనలాంటివాళ్లను ఎవరూ స్కేలు పెట్టి కొలవరు.

మన ఎండ మాత్రం బూటుకు శత్రువే. వేడికి ఫోమ్ ఇంకా మెత్తబడుతుంది, సోల్ అంటించిన జిగురు వదులవుతుంది. మూసిన కారులో, డాబా మీద వదలొద్దు. వాషింగ్ మెషీన్ వద్దు. ఇన్‌సోల్, లేసులు విడిగా కడిగి, బూటులో పాత పేపర్ కుక్కి నీడలో ఆరబెట్టాలి. 500 నుంచి 800 కిలోమీటర్ల మధ్య ఫోమ్ చచ్చిపోతుంది, పైకి కొత్తగా కనిపించినా సరే. దానికంటే ముందే సోల్ ఊడితే అది తయారీ లోపం, అడగొచ్చు, బిల్లు ఉంటేనే. షోరూముల్లో ఇచ్చే థర్మల్ కాగితం బిల్లు ఒక్క ఎండాకాలానికి తెల్లబడిపోతుంది. బయటికి రాగానే ఫొటో తీసి పెట్టుకోండి.