జులై 26, హనుమకొండ

పొద్దున్నుంచి ముసురు వదల్లేదు. కాలేజీ గ్రౌండంతా బురద కావడంతో కార్గిల్ విజయ్ దివస్ కార్యక్రమాన్ని లోపలి హాల్లోకి మార్చారు. 527 మంది అమరులకు రెండు నిమిషాల మౌనం, ఎన్‌సీసీ పిల్లల వందనం, ప్రిన్సిపాల్ గారి ప్రసంగం. అంతా అయ్యాక సెకండియర్ సీఈసీ అమ్మాయి ఒకతి నా వెనకే స్టాఫ్ రూం దాకా వచ్చింది. "మేడం, పాకిస్తానోళ్లు గంత ఎత్తుకి ఎక్కి బంకర్లు కట్టుకునేదాకా మనోళ్లకి ఎందుకు తెల్వలేదు?"

సివిక్స్ చెప్పేవాళ్లకి ఇంతకంటే మంచి ప్రశ్న ఏముంటుంది! కూర్చోబెట్టి చెప్పాను. 1999 మే మొదట్లో బటాలిక్ కొండల్లో కొత్త మనుషుల్ని చూసి సైన్యానికి కబురు చేసింది పశువుల కాపరులు. యుద్ధం ముగిసిన మూడో రోజే, జులై 29న, కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన ప్రభుత్వం నలుగురితో సమీక్షా కమిటీ వేసింది. ఆనవాళ్లు ముందు అసలు లేకపోలేదని ఆ కమిటీ నివేదికలో కనిపిస్తుంది. 1998 జూన్‌లో దేశం లోపలి సంగతులు చూసే నిఘా సంస్థ ఐబీ పంపిన ఒక నోట్ ప్రధానికి, హోం మంత్రికి వెళ్లింది. కానీ బయటి దేశాల సంగతులు చూసే 'రా' అధిపతికి, సైనిక నిఘా అధిపతికి, జాయింట్ ఇంటెలిజెన్స్ కమిటీ అధ్యక్షుడికి పంపలేదు. ఎవరి దగ్గరున్న ముక్క వాళ్ల దగ్గరే ఉండిపోయింది. 1947 నాటి ఏర్పాట్లు 52 ఏళ్లయినా పెద్దగా మారలేదని కూడా ఆ కమిటీ రాసింది.

ఆ తర్వాతే ఒక్కొక్కటీ వచ్చాయి: 2001లో త్రివిధ దళాల ఉమ్మడి ప్రధాన కార్యాలయం, 2002లో మూడు దళాలకీ కలిపి రక్షణ నిఘా సంస్థ, 2004లో సాంకేతిక నిఘా కోసం ఎన్‌టీఆర్‌ఓ. మూడు దళాలకూ కలిపి చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్‌గా జనరల్ బిపిన్ రావత్ బాధ్యతలు తీసుకునేసరికి 2020 జనవరి 1 వచ్చింది. ఇరవై ఏళ్లు! ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది.

బస్సులో వస్తుంటే తట్టింది. అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ జాతీయ భద్రతా చట్టం మీద సంతకం చేసింది కూడా జులై 26నే, 1947లో. వాళ్ల కథా ఇలాంటి దెబ్బతోనే మొదలైంది. 1941 డిసెంబర్ 7న పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడిలో 2,403 మంది పోయారు. అప్పటికి జపాన్ దౌత్యవేత్తల రహస్య సందేశాలను అమెరికా చదవగలిగేది. అయితే ఆ పనిని సైన్యం, నౌకాదళం రోజు విడిచి రోజు పంచుకున్నాయి, సరి తేదీలు ఒకరివి, బేసి తేదీలు ఇంకొకరివి! దేశ రక్షణలో ఇలాంటి వాటాలేంటో నాకు అర్థం కాదు.

1947 చట్టంతో వైమానిక దళం విడిగా ఏర్పడింది. మూడు దళాల మీదా ఒక రక్షణ మంత్రి వచ్చాడు, జాతీయ భద్రతా మండలి వచ్చింది, నిఘా సంస్థ సీఐఏ వచ్చింది. మొదటి రక్షణ మంత్రి జేమ్స్ ఫారెస్టల్ అంతకుముందు నౌకాదళ మంత్రిగా ఈ విలీనాన్ని గట్టిగా అడ్డుకున్నవాడే. ఆ పదవికి అధికారాలు తక్కువగా ఉండేలా చూసింది కూడా ఆయన వర్గమే. తీరా ఆ కుర్చీలో కూర్చున్నాక దళాల తగువులు తీర్చలేక నలిగిపోయాడు. 1949లో చట్టం సవరించి మంత్రికి బలం పెంచారు. అయినా 1980లో ఇరాన్‌లో బందీలను విడిపించడానికి వెళ్లి విఫలమయ్యాక, 1986లో మళ్లీ పెద్ద మార్పు చేయాల్సి వచ్చింది.

నేను ఎక్కువసేపు ఆలోచించేది మాత్రం అదే చట్టంలోని ఒక చిన్న వాక్యం గురించి. సీఐఏకి పోలీసు అధికారాలు ఉండవు, సమన్లు ఇచ్చే అధికారం ఉండదు, దేశం లోపలి భద్రతతో పని ఉండదు. నాజీల రహస్య పోలీసు గెస్టపో లాంటిది తమ దేశంలో పుట్టకూడదన్న భయంతో పెట్టిన వాక్యం అది.

ఆ భయం నాకు పుస్తకంలోంచి వచ్చింది కాదు. మా ఊరు పరకాల అవతల. నా చిన్నప్పుడు రాత్రి అన్నలు (నక్సలైట్లు) వచ్చి అన్నం తింటే, పొద్దున పోలీసులు వచ్చి అడిగేవాళ్లు. పోలీసులతో మాట్లాడిన వాళ్లను రాత్రి అన్నలు అడిగేవాళ్లు. ఊళ్లోకి గాజులమ్మే మనిషి కొత్తగా వచ్చినా ఎవరి మనిషోనని మా అమ్మ తలుపు దగ్గరికి వేసేది. ఎవరు ఎవరి గురించి ఎక్కడ చెబుతున్నారో తెలియని ఊళ్లో పెరిగినవాళ్లకి ఆ వాక్యం విలువ వేరుగా తెలుస్తుంది.

సాయంత్రం చాయ్ తాగుతూ ఇదంతా బాపుకి చెప్పాను. ఆయన కాసేపు విని, "మంచిదే బిడ్డా. అన్నీ ఒక్క దగ్గర పెడితే గా ఒక్క దగ్గర ఏం జరుగుతుందో ఎవరు చూడాలె?" అన్నాడు.

అమెరికాలో చాలాకాలం ఎవరూ చూడలేదు. లోపలి పని వద్దని చట్టంలో ఉన్నా, సీఐఏ 1950ల నుంచి 1973 దాకా న్యూయార్క్‌లో రెండు లక్షలకు పైగా ఉత్తరాలు విప్పి చదివింది. 1975లో సెనేటర్ ఫ్రాంక్ చర్చ్ కమిటీ ఆ సంగతులన్నీ బయటపెట్టింది. ఆ తర్వాతే, 1976లో సెనేట్, 1977లో ప్రతినిధుల సభ, నిఘా సంస్థలను అడిగే శాశ్వత కమిటీలు పెట్టుకున్నాయి. అంటే ఒక్కచోటికి తేవడానికీ, ఆ ఒక్కచోటిని అడిగేవాళ్లను పెట్టడానికీ మధ్య దాదాపు ముప్పై ఏళ్లు గడిచాయి.

మన దగ్గర రెండోది ఇంకా మొదలే కాలేదు. 'రా' 1968 సెప్టెంబర్‌లో ఐబీ నుంచి విడిపోయి, ఆర్.ఎన్. కావ్ అధిపతిగా మొదలైంది. 1962, 1965 యుద్ధాల అనుభవం దాని వెనక ఉంది. ఈ రెండు సంస్థల్లో దేనికీ ఈనాటికీ పార్లమెంటు చేసిన సొంత చట్టం లేదు. సమాచార హక్కు చట్టంలోని 24వ సెక్షన్ వాటిని పక్కన పెట్టింది, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలు తప్ప. 2011లో మనీష్ తివారీ లోక్‌సభలో ఒక ప్రైవేటు బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు.

"ఎంపీలకు చెప్తే తెల్లారేసరికి పేపర్ల వస్తది" అన్నాడు బాపు. ఆ భయాన్ని నేను కొట్టిపారెయ్యను. కానీ కొద్దిమంది సభ్యులతో, రహస్య ప్రమాణంతో, తలుపులేసుకుని కూర్చునే కమిటీ ఒకటి ఉండితీరాలని నా నమ్మకం. అది నడుస్తున్న ఆపరేషన్ వివరాలు అడగక్కర్లేదు. డబ్బు ఎలా ఖర్చయింది, ఎవరి ఫోన్లు ఏ అనుమతితో విన్నారు, ఒక సంస్థ నోట్ ఇంకో సంస్థకి ఎందుకు చేరలేదు, ఈ మూడూ ప్రతి ఏడూ అడిగితే చాలు. కార్గిల్ నివేదిక బయటికి వచ్చింది గనకే ఆ 1998 నోట్ సంగతి హనుమకొండలో ఒక ఇంటర్ పిల్లకి నేను చెప్పగలిగాను.

బాపు ఒప్పుకోలేదు. రాత్రి అన్నాల దగ్గర కూడా వాదన నడిచింది. సోమవారం క్లాసులో పార్లమెంటరీ కమిటీల పాఠం ఉంది, ఆ అమ్మాయిని ఇదే అంశం మీద పది నిమిషాలు మాట్లాడమంటాను.