పూల్ క్యూలో (బిలియర్డ్స్ ఆడే కర్రలో) పొదుగు పని: లెక్క చివరి కొలత నుంచే

క్యూ బట్ (చేత్తో పట్టుకునే లావుపాటి వెనక సగం) మీద డిజైన్ గీయడానికి కూర్చున్నవాళ్లు సాధారణంగా చేతిలో ఉన్న దుంగ లావు చూసి గీస్తారు. పొదిగాక ఆ దుంగ ఇంకా నాలుగైదుసార్లు లేత్ (దుంగను తిప్పుతూ తరిగే యంత్రం) ఎక్కుతుంది, ఎక్కిన ప్రతిసారీ సన్నబడుతుంది. కాబట్టి ముందు రాసుకోవాల్సినవి చివరి కొలతలు. మొత్తం పొడవు 58 అంగుళాలు, అందులో బట్ 29, షాఫ్ట్ (బంతిని కొట్టే సన్నటి ముందు సగం) 29. ఆ రెండూ కలిసే జాయింట్ దగ్గర వ్యాసం సుమారు 21.6 మి.మీ., అడుగున 31.8. అంటే బట్ అంగుళానికి 0.35 మి.మీ. చొప్పున లావెక్కుతుంది. ఫోర్‌ఆర్మ్ (బట్‌లో జాయింట్ వైపు భాగం) వెళ్లి హ్యాండిల్‌ని కలిసే చోట దాదాపు 26 మి.మీ. వస్తుంది. కింద లెక్కలన్నీ ఆ 26 మీదే.

ఈ వాలు డిజైన్‌ని కూడా మారుస్తుంది. 26 మి.మీ. దగ్గర చుట్టుకొలత 81.7, జాయింట్ దగ్గర 67.9. చుట్టూ ఎనిమిది డైమండ్లు, ఒక్కోటి 6 మి.మీ. వెడల్పున పెడితే, కింద వాటి మధ్య 4.2 మి.మీ. ఖాళీ ఉంటుంది, పైన 2.5 మాత్రమే మిగులుతుంది. ఒకే సైజు డైమండ్ రెండు చోట్లా పెడితే పైభాగం ఇరుకుగా కనిపిస్తుంది. పైకి పోయే కొద్దీ ముక్క సైజు కూడా తగ్గించాలి.

అసలు చిక్కు లోతు దగ్గర. పాకెట్ (ముక్కని కూర్చోబెట్టడానికి తీసే గుంట) అడుగు బల్లపరుపు, క్యూ ఉపరితలం గుండ్రం. 26 మి.మీ. వ్యాసం మీద 10 మి.మీ. వెడల్పు ముక్క పొదిగితే, దాని అంచుల దగ్గర ఉపరితలం మధ్యభాగం కంటే సరిగ్గా 1 మి.మీ. కిందికి ఉంటుంది. ఇప్పుడు దుంగ 28 మి.మీ. ఉందనీ, మధ్యలో 2.5 లోతు తీశారనీ అనుకోండి. 26కి తరిగేసరికి మధ్యలో 1.5 మిగులుతుంది, అంచుల్లో 0.5. అది చాలు. అదే పాకెట్ 14 మి.మీ. వెడల్పుతో తీసి ఉంటే అంచులు పూర్తిగా తినేసి, ముక్క 12 మి.మీ.కి కుంచించుకుపోతుంది, పక్కన జిగురు పొర బయటపడుతుంది. లేత్ మీద ఆఖరి కోతలో ఇది కనిపిస్తే చేయగలిగింది ఏమీ లేదు. వెడల్పు ముక్కలకు పాకెట్ లోతు పెంచండి, లేదా నాలుగో అక్షం ఉన్న సీఎన్‌సీలో (కంప్యూటర్ నడిపే కోత యంత్రంలో) దుంగను తిప్పుతూ అడుగుని కూడా గుండ్రంగా తీయండి.

ముత్యపుచిప్ప విషయంలో ఇంకా జాగ్రత్త. బిళ్ల మందం 1.5 మి.మీ. ఉందనుకుంటే, దాన్ని దుంగ లావుగా ఉన్నప్పుడే పొదిగితే తరుగుడులోనే సగం పోతుంది. చివరి కొలతకు అతి దగ్గరగా వచ్చాక, 6–7 మి.మీ. వెడల్పు దాటకుండా పొదగాలి. 6 మి.మీ. దగ్గర వంపు తేడా 0.35 మి.మీ. మాత్రమే. చిప్ప పొడి ఊపిరితిత్తులకు చెరుపు చేస్తుంది. తడిపి కోయండి, రెస్పిరేటర్ తీయొద్దు.

బిగువు సంగతి. 0.8 మి.మీ. బిట్‌తో పాకెట్ తీస్తే ప్రతి లోపలి మూలలో 0.4 మి.మీ. గుండ్రం మిగులుతుంది. పదునైన మూలలున్న ముక్క అందులో కూర్చోదు. ముక్క మూలలు కూడా అంతే గుండ్రం చేయడం సులువు దారి. పాకెట్ మూలల్ని సన్న చాకుతో చెక్కడం ఓపిక దారి, చూపుకి రెండోదే మేలు. ప్రతి పక్కా 0.02–0.04 మి.మీ. సందు వదలాలి. అసలు వదలకపోతే ముక్క దిగేటప్పుడు గోడల మీది జిగురునంతా గీకేస్తుంది, అడుగున గాలి చిక్కుకుని ముక్కని పైకి నెడుతుంది. ఎక్కువ వదిలితే గీత కనిపిస్తుంది. నల్లటి ఎబొనీ చెక్కలో ఆ గీతని ఎబొనీ పొడి కలిపిన ఎపాక్సీ జిగురుతో దాచవచ్చు, తెల్లటి మేపుల్ చెక్కలో ఏదీ దాగదు.

వి-గాడి పాయింట్లకి (వి ఆకారపు గాడిలో పొదిగే మొనదేలిన పొడవాటి ముక్కలకి) లెక్క వేరు. గాడి 200 మి.మీ. పొడవులో 8 మి.మీ. లోతుకి దిగుతుందనుకుంటే వాలు 25కి 1. దుంగ 0.1 మి.మీ. పక్కకి జరిగి తిరిగినా ఒక పాయింట్ కొన 2.5 మి.మీ. ముందుకి, ఎదురుగా ఉన్నది అంతే వెనక్కి పోతుంది. చూసేవాళ్లకి 5 మి.మీ. తేడా ఇట్టే తెలుస్తుంది. అందుకే గాడి తీసే ముందూ, ఆ తర్వాత ప్రతి కోతకీ, దుంగ రెండు చివర్లా మధ్యలో తీసిన అవే సెంటర్ రంధ్రాల మీద బిగించాలి. గాడి అడుగు గీతే చివరికి పాయింట్ కొనగా పైకి తేలుతుంది. కాబట్టి బిట్ మొన అరిగినా, వెనీర్ల (పాయింట్ అంచున మడిచి పెట్టే పల్చటి చెక్క పొరల) మడత మూల అడుగుదాకా కూర్చోకపోయినా కొన మొద్దుబారి జిగురు చుక్కలా కనిపిస్తుంది. 0.6 మి.మీ. వెనీర్లు నాలుగు కలిపితే 2.4 మి.మీ. పాయింట్ వెడల్పు లెక్కలో రెండు వైపులా దాన్ని కలపడం మరవొద్దు.

జిగురు నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ అయితే మేలు, 24 గంటలు కదపొద్దు. కోకోబోలోలాంటి నూనె చెక్కల్ని అతికించే ముందే ఎసిటోన్‌తో తుడవాలి. తుడిచి గంటల తరబడి వదిలేస్తే నూనె మళ్లీ పైకొస్తుంది. పల్చటి సూపర్ గ్లూ మేపుల్ రంధ్రాల్లోకి పీల్చుకుని మచ్చ పెడుతుంది, దాని జోలికి పోకండి.

ఎబొనీ పక్కన మేపుల్ ఉంటే సానలో నల్లపొడి తెల్ల చెక్కలోకి దిగుతుంది. తడిగుడ్డతో తుడిస్తే మరింత దిగుతుంది. వాక్యూమ్‌తో లాగేయడమే మందు, లేదా ముందే మేపుల్‌కి పల్చగా ఒక పూత. వెండి పొదిగినప్పుడూ అంతే, పైగా లోహం కంటే చెక్క త్వరగా అరుగుతుంది. ఎమరీ పేపర్ వెనక వేళ్లు కాకుండా గట్టి దిమ్మ పెట్టకపోతే చుట్టూ గుంట పడుతుంది. వేడెక్కితే ఎపాక్సీ మెత్తబడి ముక్క ఉబుకుతుంది. లేత్ ఆపి చేత్తో తాకి చూస్తూ ఉండాలి.

తరుగుడు ఒకేసారి చేయొద్దు. ప్రతి కోతకీ 0.7 మి.మీ. మించకుండా, మధ్యలో వారాల విరామంతో చేయాలి. ఆఖరి కోత 0.2 చాలు. చెక్కలోని ఒత్తిడి ఆ విరామాల్లోనే బయటపడి వంకర తేలుతుంది. పొదిగాక క్లియర్ కోటు (పారదర్శకమైన పూత) వెయ్యడానికి తొందరపడితే జిగురు కుంగి, ప్రతి ముక్క చుట్టూ సన్నటి గీత పూత మీదికి తేలుతుంది. ఒక నెల ఆగి, వేలిగోరుతో అంచులన్నీ తడిమి, ఎక్కడా తగలకపోతేనే పూతకి పంపండి.