కొత్త ఫర్నేస్, అదే లంబసింగి

మా ఇంట్లో గ్యారేజీ మీద ఉన్న పడకగది పేరు లంబసింగి. నేనే పెట్టాను. మిషిగన్ జనవరిలో ఇల్లంతా 20 డిగ్రీలుంటే అక్కడ 14. ఫర్నేస్, అంటే గ్యాస్‌తో గాలిని వేడిచేసి గదులకు పంపే యంత్రం, ముసలిదైంది కాబట్టి అలా ఉందని చాలా ఏళ్లు నమ్మాం. మొన్న అక్టోబరులో దాని హీట్ ఎక్స్‌ఛేంజర్ (మంట వేడిని గాలికి అందించే లోహపు భాగం) పగిలిందని తేలడంతో కొత్తది పెట్టించక తప్పలేదు. లంబసింగి పీడ కూడా దాంతోనే విరగడవుతుందనుకున్నాను.

అప్పటికి నాన్న ఇక్కడే ఉన్నారు. చక్కెర ఫ్యాక్టరీలో 30 ఏళ్లు స్టీమ్ పైపుల ఫిట్టరుగా చేసిన మనిషి. రెండు నెలలుగా టీవీ ముందు కూర్చుని విసిగిపోయారేమో, పనివాళ్లు బేస్‌మెంట్‌లోకి దిగగానే మఫ్లర్ చుట్టుకుని, ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నారు. ఆయనకు ఇంగ్లీషు రాదు, వాళ్లకు తెలుగు రాదు. పైపు రెంచ్ పట్టుకోవడం మాత్రం అందరికీ వచ్చు.

పనిలో పనిగా వంటింట్లోకి గ్యాస్ పొయ్యి కూడా అడిగాను. దాంతో ఉన్న అరంగుళం పైపు చాలదన్నారు. లెక్క సులువే. వేడిని బీటీయూల్లో కొలుస్తారు. ఫర్నేస్‌కు గంటకు 60,000 బీటీయూలు, పొయ్యికి అన్నీ వెలిగిస్తే 65,000. ఘనపుటడుగు గ్యాస్‌లో సుమారు వెయ్యి బీటీయూలుంటాయి కాబట్టి గంటకు 125 ఘనపుటడుగులు కావాలి. 40 అడుగుల పొడవున అరంగుళం పైపు మోసేది 81, ముప్పావు అంగుళానిది 170. ఇళ్లలోకి వచ్చే గ్యాస్ ఒత్తిడి గొట్టంలో నీళ్లను ఏడంగుళాలు పైకి నెట్టేంత మాత్రమే, అందుకే ఈ కొలతల పట్టింపు. ఆ మాట తెలుగులో చెబితే నాన్న నవ్వారు. “ఇంతేనా తల్లీ? బోండంలో స్ట్రా పెట్టి లాగినా అంతకంటే ఎక్కువే వస్తుంది.”

నల్ల ఇనుప పైపు కోసి, మిషన్‌లో బిగించి, నూనె పోస్తూ మరలు కోస్తుంటే ఆయన కళ్లు ఆర్పలేదు. మరలకు చుట్టే టేపు నీళ్ల పైపుకైతే తెల్లది, గ్యాస్‌కైతే మందపాటి పసుపుది. ఫర్నేస్‌కు మలుపు తిరిగే చోట పైపును అక్కడితో ఆపకుండా ఇంగ్లీషు T ఆకారపు అతుకు వేసి, కిందికి ఒక జానెడు ముక్క దించి, దాని మూతి మూసేశారు. ఎందుకని నేను అడిగేలోపే నాన్న అందుకున్నారు: “తుప్పు, తేమ అందులోకి దిగిపోతాయి. మా స్టీమ్ లైన్లకీ ఇదే పద్ధతి.”

గ్యాస్ వదలకముందే పైపులో గాలి నింపి, గేజీ బిగించి ఉంచారు. మర్నాడు ఇన్‌స్పెక్టరు వచ్చి చూసినప్పుడు ముల్లు కదల్లేదు. గ్యాస్ వదిలాక ప్రతి అతుకుకీ సబ్బు నురుగు రాశారు. ఊళ్లో సిలిండర్ మార్చినప్పుడల్లా అమ్మ చేసేది సరిగ్గా ఇదే. కొత్త ఫర్నేస్ పొగ ప్లాస్టిక్ గొట్టంలో గోడ గుండా బయటికి పోతుంది. ఇక పాత చిమ్నీలో వాటర్ హీటర్ ఒక్కటే మిగులుతుంది. దాని పొగకు అంత పెద్ద చిమ్నీ వేడెక్కదు కాబట్టి లోపల సన్న లోహపు గొట్టం దించాలని ఇన్‌స్పెక్టరు రాశాడు. కాంట్రాక్టరు అంచనాలో ఆ ఊసే లేదు. డబ్బు మాత్రం మాదే.

ఇన్ని పరీక్షలూ గ్యాస్‌కే. గదులకు వేడిగాలి మోసే రేకు గొట్టాలు, అదే డక్టుల వైపు కన్నెత్తి చూసినవాళ్లు లేరు. అంచనా కాగితంలో ఒకే వాక్యం: “ఉన్న డక్టులకే కలుపుతాం.” కలిపారు. డిసెంబరు వచ్చింది. లంబసింగి 14 దగ్గరే ఆగింది.

నాన్న పూజగదిలోంచి అగరుబత్తి వెలిగించి తెచ్చారు. ఫర్నేస్ నడుస్తుండగా డక్టు అతుకుల వెంట మెల్లగా నడిపించారు. వేడిగాలి వెళ్లే డక్టు దగ్గర పొగ పక్కకు చెదిరింది, అంటే గాలి బయటికి కారుతోంది. తిరిగొచ్చే గాలికి మా ఇంట్లో చాలాచోట్ల అసలు డక్టే లేదు. నేల కింది దూలాల మధ్య ఖాళీకి అడుగున రేకు కొట్టి వదిలేశారు. అక్కడ పొగ సర్రున లోపలికి పోయింది. గదుల్లోంచి రావలసిన గాలికి బదులు ఫర్నేస్ బేస్‌మెంట్ గాలినే పీల్చుకుంటోందన్నమాట. అసలు దొంగ గ్యారేజీ సీలింగులో దొరికాడు. లంబసింగికి వెళ్లే ఆరంగుళాల గొట్టం మోచేతి దగ్గర రెండు వేళ్లు పట్టేంత విడిపోయి ఉంది. ఇన్నేళ్లూ మేం కారుకు చలి కాచాం.

ఆ అతుకు మీద ఎప్పటిదో బట్ట టేపు, ఎండుటాకులా వేలాడుతోంది. ఇంగ్లీషులో దాని పేరే డక్ట్ టేప్. 1998లో లారెన్స్ బర్క్‌లీ ల్యాబొరేటరీ వాళ్లు పరీక్షించి, డక్టులకు పనికిరాని టేపు అదేనని తేల్చారు. డక్టులకు వాడవలసింది మాస్టిక్, బూడిద రంగు ముద్ద. నాన్న వేలితో తీసి చూసి, “ఇది లప్పమే” అన్నారు. గ్యాస్ పైపు జోలికి మేం పోలేదు. డక్టులకు మాత్రం మూడు శనివారాలు పట్టింది. నేను మరలు బిగించి రేకులు కలిపాను, ఆయన బ్రష్‌తో లప్పం పట్టించారు. చేతులకు అంటిన మరకలు వారమైనా పోలేదు.

లంబసింగిలో ఇప్పుడు 18. పేరు మార్చలేదు. డబ్బాలో ఇంకా సగం లప్పముంది, అటక మీది డక్టులు చూడాలి. నాన్న తిరుగు ప్రయాణం మార్చి 9న.